ఎండకు నిలవాలి, చివరికి విడిపోవాలి

ఆయనకు కాకినాడ తీరంలో ఫైబర్ బోట్లు పోసే యార్డు ఉంది. రెజిన్ వాసనలో, గాజునార దురదలో వయసంతా గడిపిన మనిషి. ఆమె ఆయన చెల్లెలి కూతురు. పాలిమర్ రసాయనం చదువుకుని, ఎండకూ వానకూ తట్టుకునే అక్రిలిక్ ప్లాస్టిక్‌ల మీద, వాటితో చేసే మిశ్రమ పదార్థాల మీద పరిశోధన చేస్తోంది. వస్తువు ఎంత కాలం మన్నితే లోకానికి అంత మేలని ఆమె నమ్మకం. మన్నిక ఒక్కటే చూసి, వస్తువు పోయే దారి చూడకపోతే ఆ మేలే కీడవుతుందని ఆయన నమ్మకం. ఇంటి కిటికీకీ, బస్ షెల్టరు పైకప్పుకీ, గాలిమర రెక్కకీ కూడా ఈ వాదన వర్తిస్తుంది. అందుకే ఇద్దరి మాటలనూ ఇక్కడ వరసగా పెడుతున్నాను.

మావయ్య: ముందు ఒక్కటి చెప్పమ్మా. ఇరవై ఏళ్లు ఎండలో పడున్నా రంగు మారని, బీటలివ్వని ప్లాస్టిక్ కావాలని మీరంతా కష్టపడుతున్నారు. అది ఎవరికోసం? ఈ రోజుల్లో ఏ వస్తువునైనా జనం అన్నేళ్లు వాడుతున్నారా?

మేనకోడలు: వస్తువే ముందు పాడైపోతోంది కనక వాడటం లేదు మావయ్యా. డాబా మీద వేసిన ప్లాస్టిక్ కుర్చీ నాలుగు వేసవులు చూసేసరికి తెల్లగా సుద్ద లేస్తుంది. ఓ రోజు కూర్చోగానే కాలు విరుగుతుంది. కుర్చీతో పని తీరిపోయి పారేశామా? లేదు, విరిగింది కనక పారేశాం. వెంటనే ఇంకోటి కొన్నాం. అదే కుర్చీ పన్నెండేళ్లు ఉంటే, మధ్యలో కొన్నవాటి ముడిసరుకు, కరెంటు, లారీ డీజిలు అన్నీ మిగిలేవి. అన్నిటికంటే పెద్ద పొదుపు మన్నికే.

మావయ్య: సరే, ఆ కాలు ఎందుకు విరుగుతుందో చెప్పు. రాయి ఎండకు విరగదు. ఇనుము విరగదు. దీనికే ఎందుకా జబ్బు?

మేనకోడలు: ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల. అయితే కిరణం తగిలినంత మాత్రాన ఏమీ కాదు. పదార్థం దాన్ని పీల్చుకుంటేనే నష్టం. ఆ కుర్చీ పాలీప్రొపిలీన్‌తో చేసింది. దాని గొలుసులో ఒక కార్బన్ విడిచి ఒక కార్బన్ దగ్గర సులువుగా ఊడిపోయే హైడ్రోజన్ ఉంటుంది. తయారీలో మిగిలిపోయిన మలినాలు కిరణాన్ని పీలుస్తాయి, ఆ హైడ్రోజన్ ఊడుతుంది, ఖాళీ అయిన చోటికి గాలిలోని ఆక్సిజన్ వచ్చి చేరుతుంది, గొలుసు తెగుతుంది. ఒక తెగుడు ఇంకో తెగుడుకు దారి తీస్తుంది. పీవీసీ అయితే హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతూ రంగు మారుతుంది. ఏబీఎస్‌కు దెబ్బను తట్టుకునే గుణం బ్యూటడయీన్ రబ్బరు వల్ల వస్తుంది, ఎండ ముందుగా ఆ రబ్బరులోని జంట బంధాల మీదే పడుతుంది. పాలీకార్బొనేట్‌లోని బెంజీన్ వలయాలు కిరణాలను పీల్చి పసుపెక్కుతాయి. పాత కార్ల ముందు లైటు మసకబారి పచ్చగా ఉంటుంది చూడండి, అది పాలీకార్బొనేట్, పైపూత అరిగిపోయాక అలా అవుతుంది. అదే కారు వెనక లైటు ఎర్ర కవరు మాత్రం అదే ఎండలో నిలబడుతుంది. అది అక్రిలిక్.

మావయ్య: అక్రిలిక్‌ను ఎండ ఎందుకు వదిలేస్తుంది?

మేనకోడలు: దాని పూర్తి పేరు పాలీమిథైల్ మెథాక్రిలేట్, పొట్టిగా పీఎంఎంఏ. నేలదాకా చేరే సూర్యకాంతిలో సుమారు 290 నానోమీటర్ల కంటే పొట్టి కిరణాలు ఉండవు. శుభ్రమైన అక్రిలిక్ గొలుసు ఆ పైన ఉన్న కిరణాలను దాదాపుగా పీల్చుకోదు. పాలీప్రొపిలీన్‌లో ఊడిపోయే హైడ్రోజన్ ఉన్న చోట ఇక్కడ మిథైల్, ఎస్టర్ గుంపులు రెండూ కూర్చుని ఉంటాయి. అంటే దీని మన్నిక పైన పూసింది కాదు, గొలుసు కట్టులోనే ఉంది. జర్మనీలో ఓటో రోమ్ 1901లో తన డాక్టరేట్ పరిశోధన అక్రిలిక్ ఆమ్లం మీదే చేశాడు. 1933లో ఆయన కంపెనీ ప్లెక్సిగ్లాస్ అనే పేరు పెట్టింది. అదే దశకంలో ఇంగ్లండులో ఐసీఐ కంపెనీ పర్‌స్పెక్స్ తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానాల కాక్‌పిట్ కప్పులు దీనితోనే చేశారు. అవి పగిలి ముక్కలు కళ్లలో గుచ్చుకున్న పైలట్లకు ఆ ముక్కల వల్ల కంట్లో వాపు రాకపోవడం హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు గమనించాడు. 1949 నవంబరు 29న లండన్‌లో ఆయన మొదటి అక్రిలిక్ కటకాన్ని మనిషి కంట్లో అమర్చాడు. తర్వాత కోట్లమందికి శుక్లం ఆపరేషన్‌తో చూపు తిరిగి వచ్చిందంటే ఆ దారి మొదలైంది అక్కడే. పాడవని పదార్థం మనిషికి ఏమివ్వగలదో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మావయ్య: కంట్లో కటకం ఆ మనిషితోపాటే పోతుంది తల్లీ. దాని ఆయుష్షు, మనిషి ఆయుష్షు కలిసిపోయాయి. నేను అడిగేది బయట ఎండలో ఉండి, మనం వాడటం మానేశాక కూడా మిగిలిపోయే వాటి గురించి.

మేనకోడలు: బయట ఉన్నదే చెబుతాను. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ స్టేడియానికీ, దాని పక్క క్రీడా మందిరాలకూ గుంటర్ బేనిష్, ఫ్రై ఓటో కలిసి వేసిన పైకప్పు అక్రిలిక్ పలకలదే. ఉక్కు తీగల వల మీద డెబ్బై వేల చదరపు మీటర్లకు మించి పరిచారు. గాజులో సగం బరువు కూడా ఉండదు, వెలుతురులో 92 శాతం లోపలికి వస్తుంది.

మావయ్య: మ్యూనిక్ ఎండ మ్యూనిక్‌దే. రెంటచింతల వేసవిలో పెట్టారా ఆ పలకను? ఉప్పాడ ఉప్పుగాలిలో పెట్టారా? మా బోటు పగలంతా ఇసుక మీద కాగుతుంది, తెల్లారకముందే నీళ్లలోకి దిగుతుంది. ఒక పక్క వేడి, ఒక పక్క తడి, పైన ఉప్పు, కింద ఇసుక రాపిడి. ఇవన్నీ మీ పరీక్ష పెట్టెలో పెట్టి చూస్తారా?

మేనకోడలు: కొంతవరకు చూస్తాం. ప్రపంచమంతా వాతావరణ పరీక్షకు రెండు చోట్లను కొలబద్దగా పెట్టుకుంది. దక్షిణ ఫ్లోరిడాలో ఎండ, తేమ కలిసి ఉంటాయి. అరిజోనా ఎడారిలో ఎండ ఎక్కువ, తేమ తక్కువ. పలకలను సూర్యుడికి ఎదురుగా వాల్చి ఏళ్ల తరబడి ఉంచుతారు. అంతకాలం ఆగలేనప్పుడు ప్రయోగశాలలో జీనాన్ దీపం కింద పెట్టి, మధ్యమధ్య నీళ్లు చిమ్ముతూ, రంగు ఎంత మారింది, మెరుపు ఎంత తగ్గింది, దెబ్బకు ఎంత ఓర్చుకుంటోంది అని కొలుస్తాం.

మావయ్య: ఆ దీపం కింద ఇన్ని గంటలుంటే మా తీరంలో ఇన్నేళ్లుంటుందని రాసిస్తావా?

మేనకోడలు: రాసివ్వను. అలా రాసిచ్చేవాళ్లను నమ్మొద్దు కూడా. దీపం కింద గంటలను ఏళ్లలోకి మార్చే సూత్రం అన్ని పదార్థాలకూ ఒకటే ఉండదు. దీపం కింద ఏది ముందు, ఏది వెనక అనేది తెలుస్తుంది. ఎన్నేళ్లు అనేది ఆ చోటి ఎండే చెప్పాలి.

మావయ్య: అయితే ఈ మాట పట్టుకో. మన తీరంలో అమ్మే వస్తువును మన తీరంలో పెట్టి చూడకుండా మన్నిక అనే మాట వాడకూడదు.

మేనకోడలు: ఒప్పుకుంటున్నాను. బంగాళాఖాతం ఒడ్డున ఒక పలకల వరస, పల్నాడు ఎండలో ఒక వరస ఉండాల్సిందే. అయితే మావయ్యా, మీరు పోసే బోటు సంగతి కూడా మాట్లాడాలి కదా. దాని పైపొర జెల్‌కోట్ ఎండకు ఎన్నాళ్లుంటుంది?

మావయ్య: మెరుపు రెండు మూడేళ్లలో పోతుంది. చేత్తో రాస్తే పిండి అంటుకుంటుంది. రంగు వెలుస్తుంది. అది పోయాక లోపలి గాజునార తేలుతుంది. నార తేలిందంటే నీళ్లు లోపలికి పోతాయి, కొన్ని చోట్ల చర్మం మీద బొబ్బల్లా లేస్తుంది. దాన్ని గ్రైండరుతో చెక్కి, ఆరబెట్టి, గాజునార మ్యాట్ వేసి మళ్లీ పోస్తాం. మంచి జెల్‌కోట్ అరమిల్లీమీటరు మందం సమంగా పడితే అంత తొందరగా ఆ స్థితి రాదు. తొందరపడి పలచగా కొట్టినా, కేటలిస్టు ఎక్కువ తక్కువ వేసినా, ఖర్చు మిగులుతుందని సుద్దపొడి ఎక్కువ కలిపినా, ఆ బోటు ఆయుష్షు మౌల్డులోనే తగ్గిపోతుంది. 2004 డిసెంబరు సునామీ తర్వాత బోట్లు పోయినవాళ్లకు కొత్త బోట్లు ఇవ్వాలని అందరూ పరుగులు పెట్టారు. మనసు మంచిదే. ఆ హడావుడిలో పనితనం లేని బోట్లు కూడా వచ్చాయి. సముద్రం మీదకు వెళ్లేవాడి ప్రాణం ఆ అరమిల్లీమీటరు మీద ఉంటుంది. కనక మన్నిక వద్దని నేనననమ్మా. మన్నిక కోసమే నేను బతికాను.

మేనకోడలు: మరి ఎక్కడ విభేదం మనకు?

మావయ్య: చివర్లో. చెక్క పడవ పాడైతే మేకులు పీకి, చెక్క పొయ్యిలో పెట్టుకునేవాళ్లు. తెప్ప దుంగ చివికితే మట్టిలో కలిసేది. 1980లలో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ వాళ్ల బంగాళాఖాత కార్యక్రమం ఫైబర్ బోటు నమూనాలు తీసుకొచ్చి ఒడ్డు నుంచే అలల మీదకు దింపే పడవలు చూపించింది. దుంగలు దొరకడం కష్టమైన రోజులవి. ఫైబర్ తేలిక, ఇంజను పెట్టుకోవచ్చు, పురుగు పట్టదు. జనం సంతోషంగా తీసుకున్నారు, మాకూ పని దొరికింది. ఇప్పుడు పాతబడిన బోటును ఏం చెయ్యాలి? కరగదు. కొనేవాడు లేడు. కాలిస్తే నల్లటి పొగ, కాలాక గాజునార అలాగే మిగులుతుంది. పాతిపెడితే అలాగే ఉండిపోతుంది. ఒడ్డున వదిలేస్తే ఎండకు పొడిపొడిగా రాలి అలల్లోకి పోతుంది. ఇంగ్లండులో చిచెస్టర్ రేవు దగ్గర ఆయిస్టర్లలో, మస్సెల్‌లలో గాజునార ముక్కలు దొరికాయని నువ్వే కదా నాకు చదివి వినిపించావు! నేను పోసిన బోటు మా వాళ్లు పట్టే చేపలోకి వెళ్తుందంటే నాకు నిద్ర పడుతుందా?

మేనకోడలు: ఆ అధ్యయనం నిజమే. 2024లో వచ్చింది. పాత ఫైబర్ బోట్ల మరమ్మతు, పాడైన బోట్ల చెత్త దానికి కారణమని బ్రైటన్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. అయితే ఆలోచించండి: ఎండకు పొడిగా రాలడమే ఆ కాలుష్యానికి మొదలు. పైపొర రాలకుండా నిలబెడితే సముద్రంలోకి పోయేది తగ్గుతుంది. అది మా పనే. ఏబీఎస్‌లోని బ్యూటడయీన్ రబ్బరు తీసేసి అక్రిలేట్ రబ్బరు పెడితే ఏఎస్ఏ వచ్చింది, ఎండకు ఎన్నో రెట్లు మేలు. ఇవాళ పీవీసీ కిటికీల మీదా, పైకప్పు రేకుల మీదా పలచటి అక్రిలిక్ పొరో, ఏఎస్ఏ పొరో వేసి లోపలి చవక ప్లాస్టిక్‌ను కాపాడుతున్నారు. కిరణాన్ని పీల్చి వేడిగా మార్చేసే బెంజోట్రయజోల్ రకాలు కలుపుతాం. హిండర్డ్ అమీన్లు కలుపుతాం. ఎండ పుట్టించిన రాడికల్స్‌ను పట్టుకుని అణచి, మళ్లీ అదే పనికి సిద్ధమయ్యే గుణం వాటికి ఉంది. అందుకే కొంచెం కలిపినా చాలా కాలం పనిచేస్తాయి.

మావయ్య: పైపొర మన్నితే రాలడం ఆలస్యమవుతుంది, అంతేగా! ఇరవై ఏళ్లకు జరిగేది నలభై ఏళ్లకు జరుగుతుంది. అప్పటికి నువ్వూ నేనూ ఉండం, మన పిల్లలుంటారు. సమస్యను తీర్చడానికీ, వెనక వచ్చేవాళ్ల మీదకు తోసెయ్యడానికీ తేడా లేదా? అదీగాక మన్నికను అంత నమ్మొద్దు. బెర్లిన్‌లో హోటలు మధ్యన కట్టిన పెద్ద చేపల తొట్టి ఒక్కసారిగా పగిలిపోవడం టీవీలో చూశాను. అదీ అక్రిలిక్‌దే కదా!

మేనకోడలు: అవును. 2022 డిసెంబరు 16న. పది లక్షల లీటర్ల నీళ్లు, దాదాపు 1500 చేపలు. అతుకు దగ్గర వదిలిందా, అడుగున పడిన నొక్కు వల్లా, మరమ్మతప్పుడు తొట్టి ఖాళీగా ఉండి అక్రిలిక్ ఆరిపోవడం వల్లా అని నిపుణులు మూడు అనుమానాలు చెప్పారు, ఏదీ కచ్చితంగా తేలలేదు. అక్కడ ఎండ కారణం కాదు. అయినా పాఠం ఉంది. పదార్థం మన్నుతుంది అన్నంత మాత్రాన వస్తువు మన్నదు. అతుకులు, బిగింపులు, వాడేవాళ్ల చేతులు కూడా లెక్కలోకి వస్తాయి. గాజుకంటే అక్రిలిక్ దాదాపు ఎనిమిది రెట్లు వ్యాకోచిస్తుంది. రెండు మీటర్ల పలక రాత్రికీ మిట్ట మధ్యాహ్నానికీ మధ్య ముప్పై డిగ్రీలు మారితే నాలుగు మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సందు వదలకుండా స్క్రూలు బిగించేస్తే రంధ్రం దగ్గర చీలుతుంది. స్పిరిటుతో తుడిస్తే సన్నటి చీలికలు పడతాయి. చాలా చోట్ల ఎండ మీద వేసే నింద బిగించినవాడి మీద పడాల్సింది.

మావయ్య: ఆ మాట బాగుంది. అక్రిలిక్ అని చెప్పి పాలీస్టైరీన్ షీటు అంటగట్టేవాళ్లనూ అందులో కలుపు. అయినా నా ప్రశ్న అక్కడే ఉంది. పోయే దారి?

మేనకోడలు: పోయే దారి మిగతా ప్లాస్టిక్‌లకంటే అక్రిలిక్‌కే బాగుంది మావయ్యా, అదే నేను చెప్పాలనుకున్నది. మీ పాలియెస్టర్ రెజిన్ గడ్డకట్టేటప్పుడు గొలుసుల మధ్య స్టైరీన్ అడ్డంగా ముడులు వేస్తుంది. ఆ ముడులు విప్పలేం, అందుకే కరగదు. అక్రిలిక్‌లో అడ్డముడులు లేవు. సుమారు 400 డిగ్రీలకు వేడి చేస్తే దాని గొలుసు దారం తెగిన పూసలదండలా విడిపోయి మళ్లీ మిథైల్ మెథాక్రిలేట్ ద్రవం అవుతుంది. బాగా చేస్తే తొంభై శాతానికి పైగా వెనక్కి వస్తుంది. దాన్ని శుద్ధి చేసి మళ్లీ కొత్త పలక పొయ్యొచ్చు. ఎండకు లొంగని గొలుసు వేడికి ఇంత శుభ్రంగా విడిపోవడం చాలా ప్లాస్టిక్‌లకు లేని గుణం. మన్నికా, విడుపూ ఒకదానికొకటి శత్రువులు కావని చెప్పడానికి ఇదే నా సాక్ష్యం.

మావయ్య: అది నేనూ విన్నాను. కరిగిన సీసంలో అక్రిలిక్ తుక్కు వేసి ద్రవం తీస్తారు మన దేశంలో చాలా చోట్ల. సీసం పొగ ఎవరు పీలుస్తున్నారు? సీసం కలిసిన మడ్డి ఎక్కడ పోస్తున్నారు? వస్తువు శుభ్రంగా విడిపోయిందని నువ్వు సంతోషిస్తే, విడగొట్టినవాడి రక్తంలో సీసం చేరితే, దాన్ని పోయే దారి అందామా?

మేనకోడలు: అనకూడదు. సీసపు తొట్టి పద్ధతి ఆగాలి. సీసం లేకుండా మూసిన స్క్రూ యంత్రాల్లో వేడి చేసి విడగొట్టే పద్ధతులు ఉన్నాయి. యూరప్‌లో ఎంఎంఏటూ అనే ఉమ్మడి ప్రాజెక్టు ఆ పనే చేసింది. ఇక మీ బోటు దగ్గరికి వస్తాను. ఫ్రాన్స్‌కు చెందిన ఆర్కెమా కంపెనీ ఎలియం అనే రెజిన్ తెచ్చింది. మీ పాలియెస్టర్‌లాగే పలచటి ద్రవం, మామూలు వేడిలోనే పెరాక్సైడు వేస్తే గడ్డకడుతుంది. కానీ గడ్డకట్టాక అది అక్రిలిక్. గాజునారతో కలిపి దానితో 62 మీటర్ల గాలిమర రెక్క పోశారు, 2022లో, స్పెయిన్‌లోని పోన్‌ఫెరాడాలో. జెబ్రా అనే ప్రాజెక్టు కింద చేశారు. పాతబడిన రెక్కను ముక్కలు చేసి వేడి చేస్తే రెజిన్ ద్రవంగా వెనక్కి వస్తుంది, నార విడిగా మిగులుతుంది. గడ్డకట్టాక కరగని ఎపాక్సీ రెజిన్‌తో చేసిన పాత రెక్కలను అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రంలో భూమిలో పాతిపెట్టారు. అలాంటి చెత్తను పూడ్చడం జర్మనీ 2005లోనే ఆపేసింది, అక్కడ దాన్ని సిమెంటు బట్టీల్లో వేస్తున్నారు. అనంతపురం, కర్నూలు కొండల మీద తిరిగే గాలిమరలకూ ఒక రోజు ఇదే ప్రశ్న వస్తుంది.

మావయ్య: బోటుకు తే ఆ రెజిన్. నా యార్డులో పోసి చూస్తాను.

మేనకోడలు: పొయ్యలేరు, ఇప్పుడున్న పద్ధతిలో. తెరిచిన మౌల్డులో బ్రష్షు, రోలరుతో రుద్దే పనికి అది సరిపడదు. మౌల్డులో నార పరిచి, పైన సంచీ కప్పి, వాక్యూమ్ పెట్టి రెజిన్‌ను లోపలికి లాగాలి. గడ్డకట్టేటప్పుడు చాలా వేడి పుడుతుంది. మిథైల్ మెథాక్రిలేట్ 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మందంగా పోస్తే తన వేడికి తనే మరిగి బుడగలు పడతాయి. ఆ వేడిని అదుపులో పెట్టడం నేర్చుకోవాలి. ధర కూడా పాలియెస్టర్‌కంటే ఎక్కువ.

మావయ్య: చూశావా! ఫ్రాన్స్‌కు పనికొచ్చేది నా యార్డుకు పనికిరాదు. మా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు మాస్కు పెట్టుకోవడం నేర్పడానికే ఏళ్లు పట్టింది.

మేనకోడలు: అందుకే అది మేలంటున్నాను. సంచీ కప్పిన పద్ధతిలో ఆవిరి బయటికి రావడం తగ్గుతుంది. ఇప్పుడు మీ యార్డులో పాలియెస్టర్ రెజిన్ నుంచి లేచే వాసన స్టైరీన్‌ది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో జనాన్ని పొట్టన పెట్టుకుంది ఆ స్టైరీన్ ఆవిరే. అక్కడి ఫ్యాక్టరీ ట్యాంకులో ఉన్న ద్రవం వేడెక్కి, గడ్డకట్టకుండా ఆపే రసాయనం తగ్గిపోయి, తనంతట తాను పాలిమర్‌గా మారడం మొదలుపెట్టింది.

మావయ్య: ఆ పేరు వింటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మరి నీ మిథైల్ మెథాక్రిలేట్ మంచి జాతా?

మేనకోడలు: అదీ ఆ గుణం ఉన్నదే. నిప్పంటుకుంటుంది, ఆవిరి కళ్లనూ ముక్కునూ మండిస్తుంది, చర్మానికి ఎలర్జీ తెస్తుంది, నిల్వలో గడ్డకట్టకుండా దానికీ రసాయనం కలపాలి, వేడి చూసుకోవాలి. ప్రమాదం లేని ద్రవమని చెబితే అబద్ధమవుతుంది. మన్నిక అనే మాటలో చేసేవాళ్ల ఊపిరి కూడా ఉండాలి. పదేళ్లు వాడే బోటు పోయడానికి ఒక కుర్రాడి ఊపిరితిత్తులు పాడైతే ఆ బోటు మన్నిందని నేననను.

మావయ్య: ఈ మాట మీ పరిశోధనా పత్రాల్లో రాస్తారా మరి? పలక ఎన్ని గంటలు నిలిచిందో రాస్తారు, అది చేసినవాడు ఏం పీల్చాడో రాయరు.

మేనకోడలు: రాయాలి. ఇకమీద నా వరకు నేను రాస్తాను. ఇంకో సంగతి వినండి, ఇది మీకు నచ్చుతుంది. మీ పాత బోటుకు చిల్లు పడితే చెక్కి కొత్త మ్యాట్ అంటిస్తారు. పాత పాలియెస్టర్‌కూ కొత్తదానికీ మధ్య రసాయన బంధం పెద్దగా ఉండదు, పైకి పట్టుకుని ఉంటుంది అంతే. అక్రిలిక్ మిశ్రమంలో కొత్త ద్రవం పాత ఉపరితలాన్ని కొంత కరిగించి దానితో కలిసిపోతుంది. వేడి చేసి వెల్డు కూడా చెయ్యొచ్చు.

మావయ్య: అతికించిన చోట ఊడిపోయి వెనక్కి వచ్చిన బోట్లను చేతులారా బాగుచేసినవాణ్ని నేను. ఆ ఒక్క గుణానికే ఆ రెజిన్ మీద ఆశ పుడుతోంది. నా లెక్కలో మన్నిక అంటే పాడవకుండా ఉండటం కాదమ్మా, పాడైన చోట బాగుచెయ్యగలగడం. సముద్రంలో పాడవనిది ఏదీ లేదు. బాగుచెయ్యడం వచ్చినవాడు ఊళ్లో ఉంటే బోటు బతుకుతుంది. మీరు చేసే కొత్త పదార్థం బాగుచెయ్యడానికి ఫ్యాక్టరీకే పంపాలంటే, అది మా ఊరికి మన్నిక కాదు.

మేనకోడలు: ఇక్కడ నేను మీ పక్షానికి వస్తున్నాను. ఊళ్లో మరమ్మతు చెయ్యగలగడం కూడా రెజిన్‌ను కొలిచే పరీక్షల్లో ఒకటి కావాలి. మీరు నా పక్షానికి ఎంత వస్తారు?

మావయ్య: ఇంతదాకా వస్తాను. ఎండకు నిలిచే పైపొర కావాలి, ఒప్పుకున్నాను. అది రాలితే చేపలోకి వెళ్తుంది కనక ఇంకా గట్టిగా ఒప్పుకున్నాను. పోయే దారి ఉన్న పదార్థం ఒకటి ఉందని కూడా ఇవాళ నమ్ముతున్నాను. కానీ దారి ఉండటం వేరు, ఆ దారిన నడిపించేవాడు ఉండటం వేరు. పదేళ్ల తర్వాత ఉప్పాడ ఒడ్డున పడున్న బోటు పాలియెస్టర్‌దో, ఎపాక్సీదో, నీ అక్రిలిక్‌దో చూసి ఎవరు చెబుతారు? అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మూడూ కలిపి ఒక కొలిమిలో వేస్తే నీ శుభ్రమైన ద్రవం కూడా పాడవుతుంది.

మేనకోడలు: నిజం. రకాలు కలిసిపోతే ద్రవాన్ని శుద్ధి చెయ్యడం చాలా కష్టం.

మావయ్య: అయితే మూడు పనులు కావాలి. ఒకటి: ప్రతి బోటుకూ, ప్రతి పైకప్పు షీటుకూ చెరగని పలక ఒకటి బిగించాలి, అందులో ఏ రెజిన్, ఏ నార, ఏ సంవత్సరం పోశారో ఉండాలి. రెండు: మన తీరంలో పెట్టి చూడందే మన తీరంలో అమ్మకూడదు. మూడు: పాతదాన్ని తిరిగి తీసుకునే ధర కొత్తది అమ్మిన రోజే చెప్పాలి. ప్యాకింగ్ కవర్ల మీద ఉత్పత్తిదారుడి బాధ్యత అని ప్రభుత్వం పెట్టింది కదా! బోటుకు ఎందుకు పెట్టదు?

మేనకోడలు: మూడూ న్యాయమైనవే. నేను నాలుగోది కలుపుతాను. ముందు బోట్లతో మొదలుపెట్టొద్దు. ప్రాణం మీదకు వచ్చే చోట కొత్త పదార్థంతో నేర్చుకోకూడదు. బస్ షెల్టర్లు, సైన్‌బోర్డులు, మార్కెట్ యార్డుల పైకప్పులతో మొదలుపెడదాం. అవి ఒకే చోట ఉంటాయి, ఎవరివో తెలుసు, పాతబడితే తిరిగి తెచ్చుకోవడం సులువు. అక్కడ నార, రెజిన్ విడగొట్టడం నేర్చుకున్నాక బోటుకు వద్దాం. ఈలోగా మీ యార్డులో పాలియెస్టర్ బోటునే మంచి జెల్‌కోట్‌తో, సరైన మందంతో, నీడ కప్పుతో ఎక్కువ కాలం కాపాడుదాం. ఉన్న బోటును ఇంకో ఐదేళ్లు నిలబెడితే ఆ ఐదేళ్లూ మనకు నేర్చుకునే సమయం.

మావయ్య: ఇదీ బాగుంది. కానీ ధర సంగతి దాటేశావు. నీ అక్రిలిక్ బోటు ఖరీదు పెరుగుతుంది. జాలరి అప్పు చేసి బోటు కొంటాడు, ఆ అప్పు తీరేదాకా చేపను దళారి చెప్పిన ధరకే ఇస్తాడు. వెనక వచ్చే తరం సముద్రం బాగుండాలని ఆ భారం అతని నెత్తిన పెడితే నేను ఒప్పుకోను. ఈ విషయంలో మాత్రం నీతో పోట్లాడతాను.

మేనకోడలు: పోట్లాడండి, ఆ పోట్లాట కావాలి. భారం అతని మీద పడకూడదనే నేనూ అంటున్నాను. ఇప్పుడు చవగ్గా కనిపించే బోటు చివరి ఖర్చు ఎక్కడా రాసి ఉండదు. ఒడ్డున కాలే పొగగా, చేపలో నారగా అదే జాలరి దాన్ని కడుతున్నాడు. ఆ ఖర్చును లెక్కలోకి తెచ్చి రెజిన్ చేసేవాళ్ల మీదా, ప్రభుత్వ రాయితీల మీదా వెయ్యాలి. బోటుకు రాయితీ ఇచ్చేటప్పుడు ఇంజను ఎన్ని హార్స్‌పవర్లో చూస్తున్నారు కదా, అది పాతబడ్డాక ఎక్కడికి పోతుందో కూడా చూడమనాలి.

మావయ్య: అలాగైతే ఆ కాగితం నువ్వు రాయి. ఒడ్డున పడున్న బోట్లు ఎన్ని ఉన్నాయో, ఏ రెజిన్‌వో ఊరూరా తిరిగి లెక్క తీసే పని నాది. పోసినవాణ్ని కనక చూడగానే నేను చెప్పగలను. లెక్క లేకుండా అడిగితే ఎవరూ వినరు.